నీటి ఒత్తిడి గారికి బహిరంగ లేఖ

మహారాజశ్రీ నీటి ఒత్తిడి గారికి,

చిరునామా ఏమని రాయాలో తెలియక ఈ ఉత్తరాన్ని పత్రికలో వేయిస్తున్నాను. నీళ్ళున్న ప్రతిచోటా మీ కాపురమే కదా, పోస్టుమాన్‌ని ఎక్కడికని పంపను? అఖండ గోదావరిలో మీరే, మా మేడమీద ట్యాంకులో మీరే, బంగాళాఖాతం అడుగునా మీరే. కంటికి మాత్రం కనపడరు. మా రాజమండ్రిలో ఎవరి మీదైనా కోపం వస్తే ఎదురుగా కూచోబెట్టి, కాఫీ ఇచ్చి, మాట మాటకీ ‘అండి’ తగిలించి మరీ దులిపేస్తాం. మీరు ఎదురుగా రారు గనక కాఫీ మినహాయించి మిగతాదంతా ఇక్కడ పెడుతున్నాను. చిత్తగించండి.

మొదటి ఫిర్యాదు ఇంటి దగ్గరదే. ట్యాంకు ఒకటే, గొట్టం ఒకటే. మూడో అంతస్తులో కుళాయి తిప్పితే ధార బకెట్ దాకా రావడానికి మొహమాటపడుతుంది. కింద మొక్కల దగ్గర అదే గొట్టానికున్న కుళాయి తిప్పితే చీర కుచ్చెళ్ళు తడిసిపోతాయి. పైవాళ్ళు డబ్బులు పోగేసి రెండింతల వెడల్పున్న ట్యాంకు కొన్నారు. ధార అంగుళం కూడా పెరగలేదు. ఎందుకు పెరుగుతుందండీ? నీళ్ళు ఎన్ని ఉన్నాయో మీకు అనవసరం, వాటి మట్టం ఎంత ఎత్తున ఉందన్నదే మీ లెక్క. పది మీటర్ల నీటిమట్టం కింద ప్రతి చదరపు సెంటీమీటరు మీదా కిలో బరువు మోపుతారు. మన తల మీద గాలి మొత్తం మోపే బరువూ సుమారుగా అంతే. ఊరి దగ్గర కిలోమీటర్ల వెడల్పున పారే గోదావరిలోనూ, దాని గట్టున పెరటి బావిలోనూ ఐదు మీటర్ల లోతున మీ బలం ఒక్కటే. అంత పెద్ద నది అని గౌరవం లేదు, ఇంత చిన్న బావి అని జాలీ లేదు.

మీ ఈ మొండితనం ఇంజనీర్లకి బాగా తెలుసు. ఎగువన పోలవరం స్పిల్‌వేకి 48 గేట్లు. ఒక్కొక్కటి 16 మీటర్ల వెడల్పు, 20 మీటర్ల ఎత్తు. ఒక గేటు పైఅంచు దాకా నీళ్ళు నిలిస్తే దాని మీద మీరు మోపేది, లెక్క కడితే, దాదాపు 3,200 టన్నులు. అందులో పైసగం మీద పడేది పావు వంతే. మూడొంతుల బరువు కిందిసగం మోస్తుంది. ఆనకట్టల్ని అడుగున లావుగా, పైన సన్నగా కట్టేది ప్రధానంగా మీకు భయపడే.

ఇక రెండో ఫిర్యాదు. మీరు వస్తువుల్ని పాడుచేస్తారు. దీనికి సాక్షులు స్కూబా డైవర్లు. మా గోదావరి బురద నీళ్ళలో చెయ్యి చాపితే వేళ్ళు కనపడవు గనక ఇక్కడ ఆ సరదా లేదు. విశాఖ రుషికొండ దాకా వెళితే నేర్పేవాళ్ళున్నారు. ప్రపంచంలో ఎక్కడి డైవర్లకైనా ఓ అలవాటు ఉంది. ఇంట్లో సామాను ఏదో ఒకటి కిందికి పట్టుకుపోయి మీకు అప్పగించి, మీరేం చేస్తారో చూసి నవ్వుకుంటారు. మూత బిగించిన ఖాళీ మంచినీళ్ళ సీసా, గల్లీ క్రికెట్ టెన్నిస్ బంతి, చిప్స్ పొట్లం, కోడిగుడ్డు, ఇలాంటివి.

సీసా సంగతి చూద్దాం. లీటరు గాలితో బయల్దేరిన సీసా పది మీటర్ల దగ్గర అర లీటరుకి నలిగిపోతుంది. ముప్పై మీటర్ల దగ్గర మిగిలేది పావు లీటరు. రాబర్ట్ బాయిల్ 1662లో తేల్చిన లెక్క ఇది. ఒత్తిడి రెట్టింపైతే గాలి సగమవుతుంది, నాలుగు రెట్లయితే పావు. ఈ లెక్కలో మీ అసలు గుట్టు ఒకటుంది. సగం నష్టం మొదటి పది మీటర్లలోనే జరిగిపోతుంది. తరవాతి ఇరవై మీటర్లూ కలిసి తీసుకునేది ఇంకో పావే. లోతుకి పోతేగా ప్రమాదం, ఇక్కడిక్కడే ఈదుతాం అనుకునేవాళ్ళు ఈ మాట వినాలి. మీ దూకుడంతా గుమ్మం దగ్గరే.

చిప్స్ పొట్లం మన జనానికి బాగా తెలిసిన సాక్షి. విశాఖ నుంచి అరకు ఘాట్ రోడ్డు ఎక్కేటప్పుడు సంచిలో పొట్లం ఉబ్బి టపటపలాడుతుంది. కారణం, వెయ్యి మీటర్ల ఎత్తుకి వెళితే గాలి ఒత్తిడి పదో వంతు పడిపోతుంది. అదే పదో వంతు తేడా తేవడానికి మీకు మీటరు లోతు చాలు. బస్సు మలుపులన్నీ తిరిగి కొండెక్కి చేసే పనిని మీరు నడుంలోతు నీళ్ళలో చేసేస్తారు. పొట్లాన్ని ఉబ్బించడానికి బదులు నొక్కేస్తారు, అంతే తేడా.

గుడ్డు విషయంలో మాత్రం మీకు దక్కకూడని పేరు దక్కుతోంది. డైవర్లు అడుగున గుడ్డు పగలగొడితే సొన చెదిరిపోకుండా గుండ్రంగా తేలుతూ ఉంటుంది. అరచేత్తో తట్టి ఆడుకుంటారు. నీటి ఒత్తిడి నలుమూలల నుంచి పట్టుకుని ఉండటం వల్లే అలా అవుతుందని చెబుతారు. నిజానికి అందులో మీ చలవ ఏమీ లేదు. సొన బరువూ నీటి బరువూ దాదాపు సమానం. చుట్టూ ఉన్న నీళ్ళు దాన్ని మోస్తాయి, లోపలి పొర కాపాడుతుంది. నిండు బకెట్లో జాగ్రత్తగా పగలగొట్టినా చాలావరకు అంతే. మీ మీద ఫిర్యాదు రాస్తున్నా అబద్ధపు పొగడ్త మాత్రం రాయలేను.

అసలు మీరు ఎవరి జోలికి వెళతారో, ఎవరి జోలికి వెళ్ళరో చూస్తే ఒక క్రమం కనిపిస్తుంది. అంచు దాకా నీళ్ళు నింపి మూత బిగించిన సీసాని ముప్పై మీటర్లు దించినా దానికి సొట్ట పడదు. మూత తీసిన సీసా లోపలికి నీళ్ళు వెళ్ళి నిండిపోతాయి, దాన్నీ వదిలేస్తారు. గులకరాయిని, ఇనపమేకుని, తాళంచెవిని ముట్టుకోరు. లోపల గాలి ఉండి, బయటికి దారి లేనివే మీ వాత పడతాయి. ఆత్రేయపురం పూతరేకు పొరల మధ్య కూడా గాలి ఉందనుకోండి, కానీ దాన్ని మీ దాకా దించక్కర్లేదు. తడి తగిలితే చాలు, అదే పోతుంది.

మూడో ఫిర్యాదు మనిషి గురించి. ఒంట్లో ఎక్కువ భాగం నీరే గనక కాళ్ళూ చేతులూ మీకు లోకువ కావు. మాకు ఉన్న గాలి గదులు నాలుగు: చెవులు, ముక్కు చుట్టూ ఉన్న ఎముకల్లోని అరలు, ఊపిరితిత్తులు, పొట్టా పేగులూ. వీటిని పట్టుకుని ఏడిపిస్తారు. ఘాటు మెట్ల దగ్గర మునక వేసి అడుగున చిల్లర ఏరుకునే కుర్రాళ్ళని అడగండి, రెండు మూడు మీటర్లు దిగేసరికి చెవిలో పోటు ఎలా ఉంటుందో చెబుతారు. కర్ణభేరి వెనక గదికి గొంతు వైపు సన్నని దారి ఉంది. ముక్కు మూసుకుని మెల్లగా ఊదితే ఆ దారిన గాలి చేరి లోపలా బయటా సమానమవుతుంది. డైవర్లు పోటు మొదలవకముందే, మీటరు దిగినప్పుడల్లా ఈ పని చేస్తారు. జలుబు చేసిన రోజు నీళ్ళలోకి దిగరు.

మన సినిమాల్లో హీరో విలన్లకి దొరక్కుండా చెరువులో మునిగి, తామరతూడు నోట్లో పెట్టుకుని గంటలు గంటలు దాక్కుంటాడు. మీ సంగతి తెలిసినవాడెవడూ ఆ సీను రాయడు. మీటరు లోతున ఛాతీ మీద చదరపు సెంటీమీటరుకి వంద గ్రాముల చొప్పున మీరు కూచుంటారు. తూడులో ఉన్నది పైనున్న మామూలు గాలి. మీ బరువుని నెట్టుకుంటూ ఆ గాలిని లోపలికి పీల్చే శక్తి మన ఛాతీ కండరాలకి లేదు. తూడు పొడుగ్గా ఉంటే ఇంకా లోతుకి వెళ్ళొచ్చన్న ఆలోచనకి అర మీటరు దగ్గరే నీళ్ళు వదిలిస్తారు మీరు. మడుగులో దాక్కున్న దుర్యోధనుడికి జలస్తంభన విద్య వచ్చు. మనకి రాదు గనక ఫ్రాన్సులో కూస్తో, గాన్యాఁ అనే ఇద్దరు 1943లో ఓ మర తయారుచేశారు. డైవరు ఏ లోతులో ఉంటే అక్కడి మీ ఒత్తిడికి సరిసమానమైన గాలిని అది నోటికి అందిస్తుంది. స్కూబా అంతా ఆ మర మీదే నిలబడింది.

అయితే మీతో రాజీ కుదుర్చుకున్నవాడు తిరిగి పైకి వచ్చేటప్పుడు మరీ జాగ్రత్తగా ఉండాలి. పది మీటర్ల దగ్గర గుండెల నిండా పీల్చుకుని, ఊపిరి బిగబట్టి పైకి వస్తే ఆ గాలి రెట్టింపవుతుంది. ఊపిరితిత్తులు చిరుగుతాయి. అందుకే నేర్పేవాళ్ళు మొట్టమొదట చెప్పే పాఠం, ఎప్పుడూ ఊపిరి ఆపకు అని.

రెండో ప్రమాదం ఇంకా చాటుది. లోతున పీల్చిన గాలిలోని నైట్రోజన్ రక్తంలో, కొవ్వులో కరుగుతుంది. గబగబా పైకి వస్తే గోలీసోడా కొట్టినట్టే. గోలీ దిగగానే సీసాలో కరిగి ఉన్న గ్యాసంతా ఎలా బుసబుసమంటుందో ఒంట్లో కూడా అలా బుడగలు లేస్తాయి. అవి కీళ్ళలో చేరితే నొప్పి, వెన్నుపాములో చేరితే పక్షవాతం. న్యూయార్క్‌లో బ్రూక్లిన్ వంతెన పునాదుల కోసం నది అడుగున గాలి నింపిన పెట్టెల్లో పనిచేసినవాళ్ళు 1870ల్లో ఈ జబ్బున పడ్డారు. చీఫ్ ఇంజనీరు వాషింగ్టన్ రోబ్లింగ్ ఆ దెబ్బకి మంచమెక్కి, వంతెన పూర్తయ్యేదాకా ఇంట్లోంచే పని నడిపించాడు. దీనికి బుడగలే కారణమని పాల్ బేర్ 1878లో చెప్పాడు. ఎంత లోతు నుంచి ఎక్కడెక్కడ ఎంతసేపు ఆగుతూ పైకి రావాలో మేకల మీద పరీక్షించి జాన్ హాల్డేన్ 1908లో పట్టికలు ఇచ్చాడు. మీతో మెలిగే పద్ధతి అప్పటి నుంచీ కాగితం మీద ఉంది.

నాలుగో విషయం దగ్గర వెటకారం పక్కన పెడతాను. 2019 సెప్టెంబరు 15, ఆదివారం. పాపికొండలు చూడటానికి బయల్దేరిన రాయల్ వశిష్ట బోటు దేవీపట్నం మండలం కచ్చులూరు దగ్గర వరద గోదావరిలో మునిగిపోయింది. అందులో 77 మంది ఉన్నారు. 26 మంది బయటపడ్డారు. మునకకి మీరు కారణమని అనను. అది వరద ఉధృతి, సుడి, మనుషుల నిర్ణయాలు. కానీ అక్టోబరు 22 దాకా, 38 రోజులు, ఆ బోటుని మాకు అందకుండా చేసినవాళ్ళలో మీరూ ఉన్నారు. పాపికొండల మధ్య గోదావరి ఇరుకైపోతుంది, లోతు పెరిగిపోతుంది. బోటు పడుకున్నది 200 అడుగులకు పైగా లోతున. అక్కడ మీరూ, పైనున్న గాలీ కలిసి గట్టు మీది ఒత్తిడికి ఏడు రెట్లు. గట్టున గంట వచ్చే సిలిండరు ఆ అడుగున తొమ్మిది నిమిషాలు కూడా రాదు. ఆ లోతున మామూలు గాలి పీల్చినవాడికి నైట్రోజన్ మత్తెక్కిస్తుంది, ఆక్సిజనే విషంగా మారే హద్దు దగ్గరకొస్తుంది. సరదా డైవింగుకి పెట్టిన గరిష్ఠ హద్దు నలభై మీటర్లు. ఇది అరవై దాటింది, పైగా వరద, బురద.

నేవీ వాళ్ళు వచ్చారు, జాతీయ విపత్తు దళం వచ్చింది. ఆఖరికి కాకినాడ నుంచి ధర్మాడి సత్యం బృందం లంగర్లు, ఇనుప తాళ్ళు, పొక్లెయిన్ పట్టుకుని దిగింది. గట్టు మీద నిలబడి, కనపడని బోటుకి కొక్కెం తగిలించి లాగటం వాళ్ళ విద్య. తాళ్ళు తెగాయి, రెయిలింగు ఊడొచ్చింది, మళ్ళీ వేశారు. వరద తగ్గాక విశాఖ నుంచి వచ్చిన డైవర్లు కిందికి దిగి తాడు బిగించారు. అప్పుడు కదిలింది. నెలరోజుల పాటు టీవీల ముందు కూచుని ‘ఇంత టెక్నాలజీ ఉంది, ఓ బోటు తీయలేరా’ అని అడిగినవాళ్ళం మేమే. ఆ ప్రశ్నకి జవాబు మీరు. ఆ మాట అప్పుడు మాకు ఎవరూ విడమరిచి చెప్పలేదు.

మరో సంగతి కూడా ఇక్కడే చెప్పుకోవాలి. లైఫ్‌జాకెట్టుకి తేలే బలం వచ్చేది దాని నురుగులో చిక్కుకున్న గాలి నుంచే. నీటి పైన ఉన్నంతవరకూ ఆ బలం మనిషిదే. లోతుకి లాక్కుపోతే ఆ నురుగుని కూడా నొక్కి మీరు కొంత లాగేసుకుంటారు. కాబట్టి జాకెట్టు తొడిగి తాళ్ళు బిగించాల్సింది బోటు గట్టు వదలకముందే. మునుగుతున్నప్పుడు వెతుక్కుంటే మీతో బేరం కుదరదు.

ఇలా రాస్తూ పోతే మీ లోతులకి అంతు లేదు. విశాఖ బీచ్‌రోడ్డులో 2002 నుంచి జనం టిక్కెట్టు కొని చూస్తున్న కురుసుర లాంటి జలాంతర్గాముల్లో సిబ్బందికి ఓ పాత వేడుక ఉంది. ఈ గోడ నుంచి ఆ గోడకి దారం బిగుతుగా కడతారు. లోతుకి దిగేకొద్దీ ఆ దారం వేలాడుతుంది. ఉక్కు గోడల్ని కూడా మీరు లోపలికి నొక్కుతున్నారని కొత్తవాళ్ళు ఆ దారం చూసి తెలుసుకుంటారు. కాకినాడకి ఎదురుగా బంగాళాఖాతంలో గ్యాసు బావులు కొన్ని రెండు వేల మీటర్ల నీళ్ళ కింద ఉన్నాయి. అక్కడ మీరు రెండు వందల రెట్లు. మనిషి దిగడు, మరలే దిగుతాయి. 2023 జూన్ 18న టైటానిక్ శిథిలాల వైపు వెళ్ళిన టైటాన్ అనే బుల్లి జలాంతర్గామిని అందులో ఉన్న ఐదుగురితో సహా ఒక్క క్షణంలో నలిపేశారు. మన దేశం ఆరు వేల మీటర్ల లోతుకి ముగ్గురిని పంపడానికి చెన్నైలో సిద్ధం చేస్తున్న మత్స్య 6000లో మనుషులు కూచునే గది టైటానియం గోళం. అడ్డంగా కొలిస్తే 2.1 మీటర్లు, గోడ మందం 80 మిల్లీమీటర్లు. మూలలుంటే మీరు అక్కడ కాచుకుంటారు గనక మూలల్లేని ఆకారం పెట్టుకున్నారు.

మిమ్మల్ని తప్పించుకోలేమని తెలిసి మీ దగ్గరే కాపురం పెట్టినవాళ్ళూ ఉన్నారు. 2025 జులై 18న విశాఖలో నౌకాదళంలో చేరిన నిస్తార్ అక్కడి హిందుస్థాన్ షిప్‌యార్డులోనే కట్టిన ఓడ. మూడు వందల మీటర్ల లోతున పనిచేసే డైవర్ల కోసం దానిలో ఒత్తిడి నింపిన గదులున్నాయి. డైవర్లు రోజుల తరబడి ఆ గదుల్లోనే తిని, పడుకుని, అక్కడి నుంచే పనికి దిగుతారు. ఒళ్ళు పట్టినంత గ్యాసు పట్టాక ఇంకెంతసేపు ఉన్నా ఎక్కువ పట్టదు. ఆఖర్న ఒక్కసారే, రోజులు పట్టేంత నెమ్మదిగా బయటికి వస్తారు.

ఒత్తిడి గారూ, ఇప్పుడు నా ఇబ్బంది మీకు అర్థమై ఉంటుంది. ఫిర్యాదు రాద్దామని కూచుంటే మీ మీద కేసు నిలబడేలా లేదు. మా ఊళ్ళో ఇబ్బంది పెట్టేవాళ్ళు చాలామంది ఉన్నారు. రాత్రి పన్నెండుకి మైకు పెట్టేవాడు రేపు పెడతాడో లేదో చెప్పలేం. రోడ్డు ఎప్పుడు తవ్వుతారో చెప్పలేం. మీరలా కాదు. ఏ లోతున ఎంత నొక్కుతారో శతాబ్దాలుగా పుస్తకాల్లో ఉంది. మాట తప్పిన రోజు లేదు, లంచానికి తగ్గింది లేదు, మంత్రి గారి బోటని చూసీచూడనట్టు వదిలింది లేదు. ఇన్ని నియమాలున్న మనిషి దొరికితే మేం ఊరికి పెద్దని చేసుకుందుము. మీ వల్ల నష్టపోయినవాళ్ళలో ఎక్కువమంది మిమ్మల్ని చదవనివాళ్ళే. ఆ చదువు మేం చెప్పుకోలేదు. బడి పుస్తకంలో సూత్రం ఉంటుంది, మార్కులూ వస్తాయి. గోదావరి గట్టున పుట్టి, రోజూ రేవులో మునిగే పిల్లాడికి చెవి ఎందుకు నొప్పెడుతుందో మాత్రం ఎవరూ చెప్పరు.

అందుకని ఒక ఉద్యోగం ఇప్పిద్దామని నిర్ణయించుకున్నాను. 1900లో తొలి రైలు నడిచి, 1997లో విశ్రాంతి తీసుకున్న మా హేవలాక్ వంతెనని ఇప్పుడు పర్యాటకుల కోసం తీర్చిదిద్దుతామంటున్నారు. దీపాలు పెడతారు, సెల్ఫీలకి చోటు పెడతారు, సంతోషం. వంతెన మొదట్లో పది మీటర్ల ఎత్తున్న పారదర్శకమైన గొట్టం ఒకటి నిలబెట్టి నీళ్ళతో నింపమనండి. పక్కనే మెట్లు, మీటరు మీటరుకీ గుర్తు. గాలి ఊదిన రబ్బరు బుడగకి బరువు కట్టి దారంతో పైనుంచి దించుతుంటే పిల్లలు మెట్లు దిగుతూ దాన్ని చూస్తారు. రెండో మీటరు దగ్గర ‘ఇదిగో, నీ చెవి నొప్పెట్టేది ఇక్కడే’ అని బోర్డు. పదో మీటరు దగ్గర బుడగ సగం. పైకి లాగితే మళ్ళీ మామూలు బుడగ. గొట్టం అడుగు మాత్రం గట్టిగా చేయించమనండి. అక్కడ మీరెలా ఉంటారో గుత్తేదారుకి కూడా తెలియాలి కదా. 2027 పుష్కరాలకి లక్షలమంది ఈ నీళ్ళలో మునగడానికి వస్తారు. అప్పటికి మీరు కొలువులో చేరిపోవాలి. జీతం అడగరని తెలుసు. సెలవు కూడా పెట్టరు. ఆయ్, అలాంటి మాస్టారు మాకు దొరకడం కష్టమండి.

ఇట్లు,
మీ బాధితులందరి తరఫున,
రాజమహేంద్రవరం పౌరుడొకడు

తా.క.: డైవర్లకి ఒక మనవి. సీసాలూ గుడ్లూ చాలా చూశాం. ఈసారి మా వైపు గోలీసోడా ఒకటి పట్టుకుని దిగండి. 1872లో హైరమ్ కాడ్ పేటెంటు తీసుకున్న ఆ సీసాలో గోలీని పైకి నొక్కి పట్టేది లోపలి గ్యాసే. బయటి నుంచి మన ఒత్తిడి గారు దానికి సమానమయ్యే లోతు వస్తే, వేలు పెట్టకుండానే గోలీ దానంతట అదే దిగాలి. మూడు వాతావరణాల గ్యాసు ఎక్కువ కొట్టి ఉంటే ముప్పై మీటర్లు, తక్కువైతే ఇంకా పైనే. ఎన్నో మీటరు దగ్గర దిగిందో రాసి పంపండి. ఏ బండివాడు గ్యాసు దగ్గర పీనాసితనం చేస్తున్నాడో మేం ఇక్కడ తేల్చుకుంటాం.